బ్రేకు వదలమని ఎవరూ చెప్పలేదు

జనవరి 19

గంగాధరం కారు బాగుచేయించి తెచ్చుకున్నాడు. తన మామిడి మండీ ముందు సన్నాయి మేళం పెట్టించాడు. నేను వెళ్ళలేదు. డాబా మీద మొక్కలకి నీళ్ళు పోద్దామని ఎక్కితే కనబడింది, అంతే.

"నువ్వెప్పుడు పోశావు అన్నయ్యా మొక్కలకి నీళ్ళు?" అంది భారతి. టీచరుగా రిటైరైన చెల్లెలు ఇంట్లో ఉంటే రోజూ హాజరు పట్టీయే.

పసుపు రంగు వేయించాడు. పండిన బంగినపల్లి రంగు. నాన్నగారి కారు నల్లది. కోర్టుకి వెళ్ళే మనిషి కారు నల్లగా ఉంటుంది, కోటులాగే. మామిడికాయల వ్యాపారి చేతిలో పడితే ల్యాండ్‌మాస్టర్ కారైనా మాగక తప్పదు. పోనీ, నూజివీడు వాడయ్యుండి చిన్నరసం రంగైనా వేయించాడా! బంగినపల్లి!

నాకేం. ఆ కారు మా ఇంటి గేటు దాటి అర్ధశతాబ్దం దాటింది.

జనవరి 22

ఈ ఊళ్ళో ఆ కారుకొక పేరుండేది. వకీలుగారి కారు. ముసునూరు నుంచి వచ్చే కక్షిదారులు నాన్నగారున్నారా అని అడిగేవారు కాదు. వాకిట్లో కారు చూసుకుని అరుగు మీద కూర్చునేవారు. శ్రీమన్నారాయణ అనే పేరు కోర్టు కాగితాల మీదే ఉండేది. జనం నోట్లో ఆయన కారే ఆయన పేరు.

డ్రైవింగ్ నేను దాని మీదే నేర్చుకున్నాను. ఆయన పక్క సీట్లో కూర్చునేవారు. "బ్రేకు మీద కాలుంచు. నేను చెప్పేదాకా తీయకు" అనేవారు. తీయమని చెప్పడం మాత్రం చాలాసార్లు మర్చిపోయేవారు.

ప్రాక్టీసు మానేశాక కారుని గంగాధరం వాళ్ళ నాన్నకి ఇచ్చేశారు. ఇచ్చేశారు అనే రాస్తాను. అది మండీ షెడ్డులో పడి, వెనక సీటు వరిగడ్డికీ ముందు సీటు కోళ్ళకీ కేటాయింపు అయింది. ఇన్నేళ్ళూ ఎవరికీ అక్కర్లేదు. ఇప్పుడు పాతదైతే చాలు, పరువుట. పాతబడిన మనుషులకి ఆ సౌకర్యం లేదు.

మేళం రోజున టీవీ వాళ్ళతో గంగాధరం అన్నమాట భారతి ఫోన్లో వినిపించింది. "మా నాన్నగారి కారండి. మొదట్నుంచీ మాదే."

మొదట్నుంచీ.

ముప్పై ఏళ్ళు కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. ఒక్క మాటతో ఒక మనిషిని చెరిపెయ్యడం పెద్ద పెద్ద రచయితలకే సాధ్యమనుకునేవాణ్ణి.

జనవరి 25

గంగాధరం వచ్చాడు. కూర్చోమన్నాను. భారతి కాఫీ కూడా ఇచ్చింది, ఎవరూ అడక్కపోయినా.

"మాస్టారూ, ఫిబ్రవరి ఎనిమిదిన బెజవాడలో పాతకార్ల ప్రదర్శనండి. మన కారు వెళ్తోంది."

వ్యాపారస్తులకి సర్వనామాల మీద మంచి పట్టుంటుంది. చూపించుకునేటప్పుడు మన. రాసుకునేటప్పుడు మా.

"నడుపుకుని వెళ్తారా?" అన్నాను.

"అమ్మో! ట్రైలర్ మీదండి. బొలేరో వెనక తగిలించి తీసుకెళ్తాం. మన లోడ్లు తోలే పరదేశి ఉన్నాడు కదా, వాడు మాట్లాడాడు."

"కారు నడవదా?"

"బ్రహ్మాండంగా నడుస్తుందండి."

"నడిచేదాన్ని మోసుకెళ్ళడం ఎందుకు? ఆగిరిపల్లి మీదుగా బెజవాడ ఎంత దూరమని?"

"నడిపితే పాడైపోదాండీ? పైగా అక్కడ అందరూ ట్రైలర్ల మీదే తెస్తారట. సొంత చక్రాల మీద వస్తే చిన్నచూపట మాస్టారూ."

ఇది నాకు అర్థమైంది. మా కాలేజీలోనూ పాఠం చెప్పడం మానేసినవాడే ప్రిన్సిపాల్ అయ్యేవాడు. సంతోష్ కుమార్ అలాగే అయ్యాడు. అతను క్లాసుకి వెళ్ళడం నేను చూడలేదు, అతని కుర్చీ మాత్రం వారం వారం తుడిచేవారు.

వెళ్తూ వెళ్తూ గంగాధరం గుమ్మం దగ్గర ఆగాడు. బెజవాడ రమ్మంటాడనుకున్నాను. రానని చెప్పడానికి మాట కూడా సిద్ధం చేసుకున్నాను.

"కాఫీ బాగుందమ్మా" అని భారతితో చెప్పి వెళ్ళిపోయాడు.

జనవరి 27

పాత కారుని ట్రైలర్ మీద ఎలా కట్టాలో చదివాను. ఊరికే. చదివే జబ్బున్నవాడు మందు సీసాలోని కాగితం కూడా వదలడు.

కప్పు మీంచి తాడు వేయకూడదు, పెయింటు పోతుంది. బంపరుకి కట్టకూడదు, వంగిపోతుంది. పట్టుకోవలసింది చక్రాలని. చక్రానికొక బెల్టు చొప్పున ట్రైలర్ నాలుగు మూలలకీ లాగి కట్టాలి. చక్రాలు కదలకూడదు గాని పైనున్న బాడీ స్ప్రింగుల మీద దాని మానాన అది ఊగాలి. కొంత దూరం వెళ్ళాక ఆగి బెల్టులు మళ్ళీ చూసుకోవాలి. కట్టిన ప్రతిదీ దారిలో కాస్త సడలుతుందట.

గంగాధరానికి ఇవేవీ తెలియవు. ఆయన చదివిన ఒకే ఒక్క పుస్తకం పంచాంగం. అదీ ఏడాదికొకసారి మారిపోతుంది గనక పూర్తి చేసే అవసరం రాలేదు.

అడిగితే చెప్తాను. అడక్కపోతే చెప్పను. ఆ బంగినపల్లి తొక్క మీద తాళ్ళ చారలు పడితే డాబా మీంచి చూస్తాను.

ఫిబ్రవరి 1

అడగలేదు.

ఫిబ్రవరి 4

కూరలకని బయల్దేరితే దారిలో మండీ తగిలింది. (రైతు బజారు అటువైపు కాదట. భారతి.)

ట్రైలర్ వచ్చింది. కారుని పైకెక్కించి కట్టి చూస్తున్నారు. గంగాధరం కొబ్బరితాళ్ళూ వరిగడ్డీ తెప్పించాడు. ట్రైలర్‌కి రెండు పక్కలా చెక్కలు బిగించి, చెక్కకీ కారుకీ మధ్య గడ్డి కూరిస్తాడట.

"మా తాతల కాలం నుంచీ నూజివీడు కాయని ఢిల్లీ పంపిస్తున్నామండి" అన్నాడు నాతో. "గడ్డిలో పెడితే కాయకి దెబ్బన్నది తగల్లేదు. ఇదెంతండీ? పెద్ద కాయ."

సౌభాగ్యలక్ష్మిగారు, అంటే ఆయన భార్య, కుర్చీ వేయించుకుని పర్యవేక్షిస్తున్నారు. పైన టార్పాలిన్ కప్పుదామని పరదేశి అంటే ఒప్పుకోలేదు. "కప్పేస్తే ఊళ్ళో ఎవరు చూస్తారయ్యా? లోపల పెళ్ళికూతురుందో, గేదె ఉందో ఎలా తెలుస్తుంది?"

పరదేశి బెల్టు కొక్కెం తీసుకెళ్ళి కొత్త బంపరుకి తగిలించాడు. దగ్గొచ్చింది నాకు.

"ఏంటి మాస్టారూ, గొంతు బాలేదా?"

"బాగానే ఉంది."

కప్పు మీంచి కొబ్బరితాడు విసిరారు. మళ్ళీ దగ్గొచ్చింది.

"మంచినీళ్ళు తెండ్రా మాస్టారికి" అన్నాడు గంగాధరం.

తరవాత ఎవరో చెప్పారు, చక్రాలకి కట్టమని, తాడు తీసెయ్యమని. పరదేశి మార్చి కట్టాడు. ఎవరు చెప్పారో నాకు తెలియదు. నేను బొమ్మ గీశాను, అంతే. అదీ ట్రైలర్ మీద దుమ్ములో, వేలితో. చక్రాలు, మూలలు, బాణం గుర్తులు. గీసిన చేతిని ఎవరూ పట్టించుకోలేదు. "చూశావా పరదేశీ, నాకు ముందే తోచింది" అన్నాడు గంగాధరం. గడ్డి మాత్రం వదల్లేదు.

కారు తలుపు తెరిచి చూపించాడు. డ్యాష్‌బోర్డు, కొత్త సీట్లు. అద్దం దింపీ ఎక్కించీ చూపించాడు. "చిటికెన వేలితో తిప్పినా దిగుతుందండి, వెన్నలాగ!"

చూడమన్నాడు. కూర్చోమనలేదు.

కూరలు తేలేదు.

ఫిబ్రవరి 6

రేపు పొద్దున్న బయల్దేరుతున్నారట. నేను డాబా ఎక్కను.

ఫిబ్రవరి 7

కళ్ళజోడు లేకుండా రాస్తున్నాను. అక్షరాలు పెద్దవిగా పడుతున్నాయి. జోడు ఎక్కడుందో తెలుసు.

పొద్దున్నే మండీ నుంచి మనిషొచ్చి రమ్మన్నాడు. అర్జంటుట. వెళ్ళాను, పిలిచారు గనక.

కారు ట్రైలర్ మీదుంది. నాలుగు బెల్టులూ నాలుగు మూలలకీ, నేను గీసినట్టే. హారతీ అయింది, కుంకుమ బొట్లూ అయ్యాయి, పురోహితుడు ఇంకో గృహప్రవేశానికి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక సందేహం పుట్టింది. నాలుగు నిమ్మకాయలున్నాయి. ఏ చక్రాల కింద పెట్టాలి?

"లాగేది బొలేరో. దాని కింద పెట్టండమ్మా" అంటాడు పరదేశి.

"మోసేది ట్రైలర్ రా" అంటాడు గంగాధరం.

"బొట్లు కారుకి పెట్టి, నిమ్మకాయలు ట్రైలర్‌కి పెడతారా? ఎక్కడైనా ఉందా?" అంటారు సౌభాగ్యలక్ష్మిగారు. "మాస్టారు బ్రాహ్మలు. ఆయన్ని చెప్పమనండి."

నేను సంధ్య వార్చడం ఎప్పుడో మానేశానని ఊరందరికీ తెలుసు. నిమ్మకాయల దాకా వచ్చేసరికి అందరూ మర్చిపోయారు.

కట్టిన బెల్టులు చూశాను. తొమ్మిదింటికి రాహుకాలం, శనివారం. ఇప్పుడు కట్లు విప్పి, కారు దింపి, నిమ్మకాయలు తొక్కించి, మళ్ళీ ఎక్కించి కట్టాలంటే రాహుకాలం ముంచుకొస్తుంది. అది పోయేదాకా కదలరు. ఆలోగా ఎండ, ఆకలి, మొగుడూపెళ్ళాల మధ్య మాటామాటా. ఇంత పుణ్యం ఒక్క మాటకి వస్తుంటే ఎవడు వదులుకుంటాడు?

కళ్ళు మూసుకున్నాను. "రామః రామౌ రామాః" అని మొదలుపెట్టాను, కాస్త సాగదీసి. బళ్ళో బట్టీ పట్టిన రామ శబ్దం. "రామేణ రామాభ్యాం రామైః" దగ్గరికొచ్చేసరికి గంగాధరం చెప్పులు విప్పాడు. సౌభాగ్యలక్ష్మిగారు కొంగు భుజాన కప్పుకుని చేతులు జోడించారు. సప్తమీ విభక్తి దగ్గర ఆపాను. సంబోధన దాకా వెళ్తే దక్షిణ ఇచ్చేట్టున్నారు.

"ప్రయాణం కారుది" అన్నాను. "ట్రైలర్ కూలికి మోసేది. కారు సొంత చక్రాలే తొక్కాలి."

"కట్లన్నీ విప్పాలాండీ అయితే?" అన్నాడు పరదేశి ఏడుపుమొహం పెట్టి.

"శాస్త్రం" అన్నాను.

గంగాధరం బెల్టుల వంక చూశాడు. "దింపడం ఎందుకండీ? పైన ఉండగానే బెల్టులు వదులు చేసి జానెడు ముందుకి తోస్తే తొక్కదూ? ఇంత దూరమని శాస్త్రంలో ఉందాండీ?"

లేదని ఒప్పుకున్నాను. రామ శబ్దంలో దూరాల ప్రస్తావన లేదు. వ్యాపారస్తుడితో వాదించేటప్పుడు ఇంకాస్త పెద్ద శబ్దం ఎంచుకోవలసింది.

"కాకపోతే హ్యాండ్‌బ్రేకు పట్టట్లేదండి. తోసినప్పుడు లోపల ఎవరో ఒకరుండాలి." చుట్టూ చూశాడు. పరదేశి బెల్టుల దగ్గరుండాలి, కూలీలు తొయ్యాలి, ఆయన కొబ్బరికాయ కొట్టాలి. "మాస్టారూ, మీరెక్కండి. ఈ బ్రేకు సంగతి మీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?"

ఎక్కాను.

సీటు కొత్తది. స్టీరింగు మాత్రం పాతదే.

తోశారు. నాలుగు నిమ్మకాయలూ టప్పుమన్నాయి. వెనక్కి లాగారు. "బ్రేకు నొక్కి పట్టండి మాస్టారూ!" అని వెనకనుంచి పరదేశి అరిచాడు. "నేను చెప్పేదాకా వదలకండి!" బెల్టులు బిగించాడు. కూలీలు రెండు పక్కలా గడ్డి కుక్కారు, తలుపుల పిడుల పైదాకా. ఇంతలో సౌభాగ్యలక్ష్మిగారు "తొమ్మిదవుతోందండీ! కదలండి, కదలండి!" అని ఒకటే కేకలు. మొగుడూపెళ్ళాలు వాళ్ళ కారెక్కి ముందు దూసుకుపోయారు. పరదేశి బొలేరోలోకి దూకాడు. అందరూ కదిలిపోయారు, కదలకుండా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. నేనూ కదిలాను.

బ్రేకు వదలమని ఎవరూ చెప్పలేదు.

ఎందుకు పిలవలేదని భారతి ఇప్పటికి నాలుగుసార్లు అడిగింది. తలుపులు రావు, గడ్డి. అద్దాలు బిగుసుకుపోయాయి, దిగలేదు. అరిచినా వినబడదు.

కోర్టు వీధిలో గాలి హాయిగా తగిలింది.

జనం ఆగి చూశారు. ఇద్దరు ముగ్గురు దండం పెట్టారు, నాకో, బొట్లకో. కోర్టు గేటు దగ్గర బొలేరో కాస్త నెమ్మదించింది. నాన్నగారు ఆ మలుపులో ఎప్పుడూ హారన్ కొట్టేవారు. కొట్టాను. పనిచేస్తోంది.

కాలేజీ దగ్గర సంతోష్ కుమార్ నడకకి వచ్చి, మంకీ క్యాప్‌లోంచి నోరు తెరుచుకుని చూశాడు. రిటైర్‌మెంట్ సభలో నా గురించి రెండే వాక్యాలు చెప్పి, రెండోదాంట్లో నా పేరు తప్పు చెప్పినవాడు. నాన్నగారు గుమస్తాల వంక ఆడించినట్టు తల ఒక్కసారి ఆడించాను. ఎక్కువ కాదు, ఒక్కసారే.

ఊరు దాటాక తోటలు. పూత విరగబూసి ఉంది. ఆ వాసనకి బంగినపల్లికీ రసానికీ తేడా తెలియదు. కారు స్ప్రింగుల మీద మెల్లిగా ఊగుతోంది, చక్రాలు మాత్రం కదలకుండా. పుస్తకంలో అలాగే రాశారు.

గడ్డి దుమ్ము కళ్ళలో పడింది. జోడు తీసి డ్యాష్‌బోర్డు మీద పెట్టాను. ఆగిరిపల్లి దాకా దుమ్మే.

ఆగిరిపల్లిలో పరదేశి టీకి ఆపాడు. వెనక్కి చూడకుండానే కొట్లోకి వెళ్ళిపోయాడు. రోడ్డు పక్క జామకాయలమ్మే ఆవిడ లేచొచ్చి కారు చుట్టూ తిరిగింది.

"ఎవరిదండీ బాబుగారూ ఈ కారు?"

ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు ఆ మాట.

"మా నాన్నగారిది" అన్నాను.

"అయ్యో! చెడిపోయిందేంటండీ, మోయించుకెళ్తన్నారు?"

"లేదు. నడుస్తుంది."

"నడిస్తే నడుపుకెళ్ళక ఈ తిప్పలేంటి?" అని నా వంక జాలిగా చూసింది. "కాయలిమ్మంటారా? దోరవి."

ఈ నూజివీడు ప్రాంతంలో నాతో ఏకీభవించిన మొదటి మనిషి.

అప్పుడు చూశాడు పరదేశి. చేతిలో టీ గ్లాసు ఒలికింది. "ఓరి నాయనో! మాస్టారూ! మీరెక్కడున్నారండీ?"

"బ్రేకు మీద."

"పిలవొచ్చు కదండీ!"

"నువ్వు చెప్పేదాకా వదలద్దన్నావు."

పరదేశి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "వదలండి మాస్టారూ" అన్నాడు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

వదిలాను. కాలు తిమ్మిరెక్కింది.

గడ్డి లాగి తలుపు తీసేసరికి పదిమంది మూగారు. దిగాక ముందు బెల్టులు చూశాను. కుడిపక్క ముందుది కాస్త సడలింది. బిగించమన్నాను. బిగించాక బస్సెక్కి వచ్చేశాను. బస్సులో టికెట్ చదువుకుందామంటే తెలిసింది జోడు లేదని.

ఫిబ్రవరి 8

ప్రదర్శన ఇవాళే. నాకేం.

భారతి జామకాయలు కోసిపెట్టింది. దోరవి.

ఫిబ్రవరి 9

పేపరు కనిపించదు గనక భారతి చదివింది. నూజివీడు ల్యాండ్‌మాస్టర్‌కి ప్రత్యేక బహుమతి. ఫోటో కూడా వేశారట. ఫోటో కింద రెండు వాక్యాలు. "తొలి యజమాని, న్యాయవాది కీర్తిశేషులు శ్రీమన్నారాయణ వాడిన కళ్ళజోడును కారులో ఆయన పెట్టిన చోటే ఇన్నేళ్ళుగా భద్రపరచడం న్యాయనిర్ణేతల మనసు దోచుకుంది. ఆ కాలపు పనితనానికి ఆ జోడు అద్దం పడుతోందని వారు ప్రశంసించారు."

భారతి నవ్వుతూ కుర్చీలోంచి జారింది. నాన్నగారు జన్మలో జోడు పెట్టుకోలేదు. ఎనభైయ్యో ఏట కూడా పంచాంగంలో చీమ తలకాయంత అక్షరాలు చదివేవారు. ఆ కాలపు పనితనం పోయిన దసరాకి నేను బస్టాండు దగ్గర కొన్న ప్లాస్టిక్ ఫ్రేము.

పెద్ద పెద్దవాళ్ళట న్యాయనిర్ణేతలు. కార్ల గురించి ప్రపంచంలో వాళ్ళకి తెలియనిది లేదట.

"మళ్ళీ చదువు" అన్నాను.

చదివింది.

"మొదటి వాక్యం."

"తొలి యజమాని, న్యాయవాది..." భారతి ఆగింది. నవ్వడం మానేసి నా వంక చూసింది. తరవాత ఇంకోసారి, అడక్కుండానే, నెమ్మదిగా చదివింది.

ఫిబ్రవరి 11

గంగాధరం వచ్చాడు. మిఠాయి పెట్టె తెచ్చాడు.

"ఏమనుకోకండి మాస్టారూ. ఆ జడ్జీ ఎవరో, సూటూ బూటూను, డ్యాష్‌బోర్డు మీద ఇదేంటని అడిగాడండి. మాస్టారిదంటే మాస్టారెవరంటాడు. కార్లో ఎందుకున్నారంటాడు. నిమ్మకాయలూ అవీ అదంతా ఇంగ్లీషులో నేనెక్కడ చెప్పనండీ? మొదట్లో ఇది వకీలు శ్రీమన్నారాయణగారి కారండి, ఆయన జోడండి, అనేశాను."

"మొదట్లో" అన్నాను.

"అవునండి. మొదట్లో ఆయనదేగా?" అన్నాడు, నాకే తెలియదేమో అన్నట్టు.

జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. నా జోడు. బల్ల మీద పెట్టాడు గాని చెయ్యి తీయలేదు.

"ఇవ్వాలి, నిజమే. మీది మీకివ్వాలి. కాకపోతే వచ్చే నెల హైదరాబాదులో ఇంతకంటే పెద్దదుందండి. వాళ్ళు ఫోన్ చేసి మరీ అడిగారు, జోడు ఉంటుంది కదా అని."

"ఇచ్చి పుణ్యం కట్టుకోండి గంగాధరంగారూ" అంది భారతి వంటింట్లోంచి. "నిన్న అన్నయ్య ఉప్మాలో పంచదార వేసుకుని తిన్నాడు."

జోడు తీసుకున్నాను. వేళ్ళతో తడిమాను. ఎడమ కాడ దగ్గర నేను చుట్టిన దారం అలాగే ఉంది. తిరిగి ఆయన రుమాల్లో పెట్టాను.

"ఇది నాది కాదండి."

"అదేంటి మాస్టారూ?"

"మా నాన్నగారిది. ఆయన పెట్టిన చోటే ఉండనివ్వండి. స్టీరింగుకి కుడిపక్క."

గంగాధరం నా మొహంలోకి కాసేపు చూశాడు. బేరం ఇంత తేలిగ్గా కుదిరితే కాయలో పురుగుందేమోనని వెతికే మనిషి. ఏమీ దొరకలేదు కాబోలు, రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. రమ్మంటాడేమోనని ఒక్క క్షణం...

"కాఫీ బాగుందమ్మా" అన్నాడు భారతితో.

మెట్లు దిగుతుంటే నేనే అడిగాను. "గంగాధరంగారూ, హ్యాండ్‌బ్రేకు బాగుచేయించారా?"

"ఎక్కడండీ, తీరికేదీ? హైదరాబాదు లోపల చేయించాలి."

"తొందరేం లేదు" అన్నాను.